ఐదో రంగు

ఏ కంప్యూటర్ కొనాలో నువ్వే చెప్పమని రామ్‌చందర్ అన్నప్పుడు అమలకు మొదట గర్వంగానే అనిపించింది.

శాలిబండలో బస్టాపుకు ఎదురుగా, ఒక టైలర్ దుకాణం మీది అంతస్తులో ఉండే డీటీపీ సెంటర్‌లో ఆమె ఆరేళ్లుగా పనిచేస్తోంది. పెళ్లి కార్డులు, పచ్చళ్ల సీసాల లేబుళ్లు, బోనాల పోస్టర్లు, డాక్టర్ల లెటర్‌హెడ్లు, అన్నీ ఆమె చేతి మీదుగానే ఛత్తాబజార్ ప్రెస్సులకు వెళ్లేవి. దుకాణం రామ్‌చందర్‌ది. గిరాకీలతో మాట్లాడటం, ప్రెస్సుల చుట్టూ తిరగటం ఆయన పని. కంప్యూటర్ ముందు కూర్చునేది మాత్రం ఆమె ఒక్కతే.

2001 జూలైలో ఒక శుక్రవారం సాయంత్రం ఆయన రెండు రకాల కంప్యూటర్లకు రెండు కొటేషన్ కాగితాలు తెచ్చి ఆమె కీబోర్డు మీద పెట్టాడు.

"ఈ పాత డబ్బ ఇగ నడువది అమలా. రంగుల పని మస్తు వస్తున్నది. అందరు మాక్ తీస్కో అంటున్నరు. ఒకరిద్దరు పీసీయే సాలంటున్నరు. నాకేం సమజైతది? సోమవారం దాంక టైం తీస్కొని నువ్వే చెప్పు."

"నేను చెప్పాల్నా అన్నా?"

"కూసునేది నువ్వు. ఇంకెవరు చెప్తరు?"

ఆ రెండు రోజులూ ఆమె అదే ఆలోచనలో ఉంది. ఆదివారం పొద్దున గౌలిపురలో, ఇంటి వెనక బర్రెల కొట్టం దగ్గర ఆమె తండ్రి భిక్షపతి స్పిరిట్ దీపం మీద గాజు గొట్టం పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఆమె చేతిలో ఆ కాగితాలే ఉన్నాయి.

భిక్షపతికి నాలుగు బర్రెలు, ముప్పై ఇళ్ల పాల వాడిక. మూడేళ్లుగా షుగరు. నెల కిందట ఛత్రినాకలో డాక్టర్ విమలాదేవి షుగరు క్యాంపు పెట్టి, ఇంట్లోనే మూత్రం పరీక్ష చేసుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక నీలం మందు సీసా, ఒక గాజు గొట్టం, ఒక కార్డు ఇచ్చింది. మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, షుగరు లేకపోతే నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక ఎరుపు. కార్డు మీద ఆ ఐదు రంగులూ ఐదు గడుల్లో వరసగా ఉంటాయి. చదువు రానివాళ్లు కూడా గొట్టాన్ని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నాలుగో గడి వస్తే తిండి తగ్గించి నెల తర్వాత రావాలి. ఐదో గడి వస్తే ఆ రోజే దవాఖానకు రావాలి.

ఆ కార్డు చేసింది అమల. తెలుగు, ఉర్దూ రెండింట్లోనూ అక్షరాలు కూర్చింది. డాక్టర్ గొట్టాలు చూపిస్తే చూసి వచ్చి, స్క్రీన్ మీద ఆ రంగులు కలిపింది. క్యాంపు తారీఖు దగ్గరపడటంతో నమూనాకు ఒక ప్రూఫ్ కూడా తీయించకుండానే అచ్చు వేయించేశారు. అచ్చయి వచ్చిన కార్డులు స్క్రీన్ మీద కన్నా కాస్త ముదురుగా ఉన్నాయని ఆమె గమనించింది. చిక్కగా, నిండుగా వచ్చాయనుకుని సంబరపడింది కూడా.

"ఇగో బిడ్డా, ఇయ్యాల గూడ నాలుగోదే" అన్నాడు భిక్షపతి గొట్టాన్ని కార్డు పక్కన పెట్టి. "ఇరవై దినాల సంది గిదే రంగు. పెరుగుతలేదు, తగ్గుతలేదు."

అమల తల ఎత్తి చూసింది. ఎండ నేరుగా గొట్టం మీద పడుతోంది. అందులో ఉన్నది ఇటుక ఎరుపు. అచ్చం కొత్త ఇటుక పొడి నీళ్లలో కలిపినట్టుంది. కార్డు మీద నాలుగో గడి కూడా ఆ రంగులోనే ఉంది. అక్కడ నారింజ ఉండాలి. ఐదో గడి కాచు రంగులో, నల్లగా మాడినట్టుంది. ఆ రంగులోకి ఏ గొట్టమూ ఎప్పటికీ మారదు.

ఆమె చేతుల్లోంచి కొటేషన్ కాగితాలు జారి పేడనీళ్లలో పడ్డాయి.

"బాపూ, ఎన్ని దినాలన్నవు?"

"ఇరవై. ఏమైంది?"

అప్పుడు చూసింది ఆయన కాలు. నెల కిందట బర్రె తొక్కిన ఎడమ కాలి చిటికెన వేలికి గుడ్డ కట్టి ఉంది. విప్పించి చూస్తే వేలు నల్లబడింది. వాసన వచ్చింది. ఈ మధ్య ఆయన చెంబుల కొద్దీ నీళ్లు తాగడం, బుగ్గలు లోపలికి పోవడం ఆమెకు తెలుసు. కార్డు నాలుగో గడి చూపిస్తోందన్న ధైర్యంతో ఎవరూ పట్టించుకోలేదు.

తల్లి రాజమణిని కూడా వెంటబెట్టుకుని ఆటోలో ఛత్రినాక వెళ్లేసరికి విమలాదేవి ఇంట్లోనే ఉంది. వేలు గుచ్చి రక్తం చూసింది. నాలుగు వందల ముప్పై. వెంటనే పెద్ద దవాఖానకు చీటీ రాసింది. రాజమణి ఆయన్ను తీసుకుని వెళ్లింది. వెళ్లబోతున్న అమలను డాక్టర్ ఆపింది.

"కార్డు ఏదీ?"

అమల ఇచ్చింది. విమలాదేవి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. అచ్చయిన రోజు ఆమె కూడా చూసింది, కానీ ట్యూబ్‌లైట్ కింద, రోగుల మధ్యలో, ఒక్క క్షణం.

"ఇవి ఎంతమందికి ఇచ్చామో తెలుసా?" అంది. గొంతు తగ్గించి అడిగింది. అరిచినా అమలకు అంత భయం వేసేది కాదు. "రెండు వందల పన్నెండు మందికి."

ఆ మధ్యాహ్నం నుంచే ఇద్దరూ రిజిస్టర్ పట్టుకుని బయల్దేరారు. ఛత్రినాక, గౌలిపుర, శాలిబండ, ఆ వెనక గల్లీలు. ప్రతి గుమ్మం ముందూ అమల తలుపు తట్టి, లోపలి నుంచి అడుగుల చప్పుడు వినిపించేదాకా చెవి ఆనించి నిలబడేది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే, ముందు ముఖం చూసేది, తర్వాత కాళ్లు చూసేది, ఆ తర్వాతే మాట్లాడేది.

లలితమ్మ అనే ఆవిడ ఇంటి దగ్గర ఎంతసేపు తట్టినా తలుపు తీయలేదు. లోపల గడియ వేసి ఉంది. పక్కింటి ముసలాయన బయటికొచ్చి, "పొద్దుగాల సంది బయటికి రాలె" అన్నాడు. ఒక్కతే ఉంటుందట. రిజిస్టర్‌లో ఆమె షుగరు అంకె చాలా పెద్దది. అమల అరచేతులతో తలుపు బాదింది. "అమ్మా! లలితమ్మా!" అని అరిచింది. గల్లీలో జనం పోగయ్యారు. గునపం తెమ్మని డాక్టర్ చెప్పేలోపు గడియ తీసిన చప్పుడైంది.

"ఏందే గా లొల్లి? చెవిటి మనిషి నిద్రవోతే గూడ తప్పేనా?" అంది లలితమ్మ, కొప్పు ముడేసుకుంటూ.

అమల గడప మీద కూలబడింది. కార్డు సంగతి అరిచి చెబితే లలితమ్మ లోపలికి చూపించింది. దేవుడి పటాల పక్కన గోడకు అంటించి ఉంది. "మూత్రం గీత్రం కాస్తనా నేను? రంగులు మంచిగున్నయని పెట్టుకున్న. ఇయ్యను పో." డాక్టర్ ఆమె రక్తం తీసి చూసి, కార్డు చింపి తీసుకునేసరికి సాయంత్రమైంది.

నాలుగు రోజుల్లో రెండు వందల ఒక్క కార్డులు వెనక్కి వచ్చాయి. తొమ్మిది మందిని అప్పటికప్పుడు దవాఖానకు పంపాల్సి వచ్చింది. పదకొండు మంది దొరకలేదు. ఇల్లు మారినవాళ్లు, ఊళ్లకు వెళ్లినవాళ్లు.

దవాఖానలో భిక్షపతికి చిటికెన వేలు తీసేశారు. పాదం నిలబడుతుందన్నారు. ఐదో రోజు అమల ఆయన మంచం పక్కన కూర్చుని, తప్పు కార్డుదని, ఆ కార్డు చేసింది తానేనని చెప్పింది. అప్పటిదాకా తల్లికి కూడా చెప్పలేదు. ఆయన చూపు ఫ్యాను వైపు తిప్పాడు.

"నీకు కనవడ్డట్టే చేసినవు గద?"

"కనవడ్డట్టే చేసిన బాపూ. నాకు కనవడ్డదే తప్పు."

"మరి సక్కగ చేసేదెవరు ఇప్పుడు?" అన్నాడు. ఓదార్పు ఏమీ లేదు ఆ మాటలో. నిజంగానే అడిగాడు.

విమలాదేవి కూడా అదే అడిగింది. పది రోజుల్లో కొత్త కార్డులు కావాలి, చేస్తావా, ఇంకెక్కడైనా ఇవ్వనా అని. ఇంకెక్కడైనా ఇవ్వండి అని అమల నాలుక చివరిదాకా వచ్చింది. అక్షరాలు కూర్చుకుని, పెళ్లి కార్డులు చేసుకుని బతకొచ్చు. పెళ్లి కార్డులో ఎరుపు ముదిరితే ఎవరి వేలూ పోదు.

"చేస్తా మేడం. కానీ గొట్టాలు నాకియ్యండి. పట్టుకపోయి చూస్కుంట."

డాక్టర్ గ్లూకోజు నీళ్లతో ఐదు గొట్టాలు తయారుచేసి, నోళ్లకు బిరడాలు బిగించి ఇచ్చింది. అమల వాటిని దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, రామ్‌చందర్ చెప్పిన సోమవారం దాటిపోయినా, కొటేషన్లు ఇచ్చిన రెండు షాపులూ చూడటానికి సికింద్రాబాద్ బస్సెక్కింది. బస్సు కుదుపు కుదుపుకూ డబ్బాను రెండు చేతులా గుండెకు ఆనించుకుంది. పాత స్క్రీన్ ఎందుకలా మోసం చేసిందో ఆమెకు కొంత అర్థమైంది. నాలుగేళ్లు వాడిన మానిటర్‌లో ఎరుపు వెలిసిపోయింది. అది సరిగా కనిపించేదాకా ఆమె ఎరుపు, నలుపు పెంచుతూ పోయింది. స్క్రీన్ మీద సరిపోయింది, కాగితం మీద మాడిపోయింది. అర్థం కావడంతో భయం తగ్గలేదు. కొత్త స్క్రీన్ ఇంకో రకంగా మోసం చేస్తే తనకెలా తెలుస్తుంది?

మాక్ అమ్మే షాపు ఏసీలో చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. సేల్స్ కుర్రవాడు గులాబీల ఫోటో తెరిచి చూపించాడు. రేకుల మీద నీటిచుక్కలు కూడా వేరువేరుగా మెరుస్తున్నాయి. ఆమె ఐదు రంగులు చేయించి, డబ్బా తెరిచి ఇటుక రంగు గొట్టాన్ని స్క్రీన్ పక్కన పెట్టింది.

"ఇదేంటి మేడం?"

"షుగరు పరీక్ష."

అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. గ్లూకోజు నీళ్లేనని చెప్పాక మళ్లీ దగ్గరికి వచ్చాడు. స్క్రీన్ మీది రంగు గొట్టం కన్నా అందంగా ఉంది. దీపంలా వెలుగుతోంది. అందంగా ఉండటమే ఆమెను భయపెట్టింది. ఈ రంగు కాగితం మీదకు ఎలా వస్తుందో చెప్పగలరా అని అడిగింది. సెట్టింగులు ఉన్నాయి, నేర్చుకోవాలి అన్నాడతను. తర్వాత నవ్వి, "యాడ్ ఏజెన్సీలన్నీ దీని మీదే చేస్తాయి మేడం. మాక్ తీసుకుంటే రేపు ఏదైనా తేడా వచ్చినా మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు" అన్నాడు.

ఆ మాట ఆమెకు చన్నీళ్లు తాగినంత హాయిగా తగిలింది. ఎవరూ తప్పు పట్టరు. ఇంత మంచి మెషీన్ మీద చేశాను, ఇంకేం చేయగలను అనొచ్చు. సరే అని రామ్‌చందర్‌కు ఫోన్ చేయడానికి బయటి ఎస్టీడీ బూత్ దాకా వెళ్లింది. రిసీవర్ ఎత్తింది. నంబరు నొక్కబోతుంటే, ఇప్పటిదాకా తాను వెతుకుతున్నది సరైన రంగు కాదని, దాక్కోవడానికి చోటని తోచింది. రిసీవర్ పెట్టేసింది.

రెండో కొటేషన్ పీసీలు బిగించి ఇచ్చే షాపుది. అక్కడ ఫణి అనే మనిషి స్టూలు మీద కూర్చుని ఒక మానిటర్ వెనక భాగం తుడుస్తున్నాడు. విజయవాడ వైపు యాస. ఆమె చెప్పిందంతా విని, గొట్టాలను ఒక్కొక్కటిగా వెలుతురులో పెట్టి చూశాడు.

"ఏ కంప్యూటర్ అయినా మీరు కొలవకపోతే నమ్మకూడదండీ" అన్నాడు. సొరుగులోంచి అరచేతిలో పట్టేంత మీటర్ ఒకటి తీశాడు. రబ్బరు కప్పులతో స్క్రీన్ అద్దానికి అతికించాడు. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగులు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటే ఆ మీటర్ చదువుకుంది. "స్క్రీన్ ఎంత తప్పుతోందో ఇది చెబుతుంది. ఆ లెక్క ప్రకారం సరిదిద్దుకుంటుంది. నెలకోసారి పెట్టాలి. మాక్‌కైనా పెట్టొచ్చు, దీనికైనా పెట్టొచ్చు."

"అయితే మీరు ఏది కొనమంటరు?"

"మాక్‌లో సుఖం ఉందండీ. ఒకసారి పెడితే అన్ని ప్రోగ్రాముల్లోనూ ఒకేలా చూపిస్తుంది. ఇందులో ప్రోగ్రాముకి ప్రోగ్రాముకి మీరే చూసుకోవాలి, మర్చిపోతే అంతే. మీరు అక్షరాలు ఏ భాషలో పెడతారు?"

"తెలుగు, ఉర్దూ."

"మీ ఉర్దూ ప్రోగ్రాం పీసీ మీదే నడుస్తుంది. మాక్ కొంటే అక్షరాలు ఇక్కడ, రంగులు అక్కడ, మళ్లీ రెండూ కలపడం. కలిపిన ప్రతిసారీ ఏదో ఒకటి జారొచ్చు. ఆరేళ్లుగా చేతికి అలవాటైంది వదిలేసి, పది రోజుల్లో కొత్తది నేర్చుకుని ఇలాంటి కార్డు చేస్తారా?"

ఆమె గొట్టాలు తీసుకుని మళ్లీ దూదిలో చుట్టింది. మాక్ కొంటే డబ్బంతా దానికే అయిపోతుందని, ఆ మీటర్‌కు ఇంకో ఏడాది ఆగాల్సిందేనని రామ్‌చందర్ లెక్క ఆమెకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మూసినప్పుడల్లా లలితమ్మ తలుపు వెనక ఎవరూ కదలని ఆ నిశ్శబ్దమే చెవుల్లో వినిపించింది.

"పీసీ, అన్నా" అంది శాలిబండ చేరాక. "మంచి మానిటర్, రంగు కొలిచే మీటర్. ఈ నీలం గోడ పక్కన రంగులు వేరే తీరు కనవడుతయి, బూడిద రంగు వేయించాలె. ఈ ట్యూబ్‌లైట్ మార్చాలె. ప్రూఫ్ చూడకుండ ఇగ ఏదీ పోవద్దు."

రామ్‌చందర్ తల గోక్కున్నాడు. "అందరు మాక్ అంటున్నరు గద. రేపు మల్ల తేడా వస్తే ఏమనాలె నేను?"

"అమల చేసింది అను."

అని, గోడకున్న పాత పోస్టర్లు పీకడం మొదలుపెట్టింది.

కొత్త మెషీన్ వచ్చింది. మీటర్ పెట్టింది, రంగులు కలిపింది, గొట్టాలతో సరిచూసింది. ఛత్తాబజార్‌లో మొదటి ప్రూఫ్ తీస్తే ఐదో గడి మళ్లీ ముదురుగానే వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె ప్రెస్సు మెట్ల మీద నిలబడిపోయింది. స్క్రీన్ సరిగా ఉంది. కొలిచింది కూడా. అయినా తప్పింది. మాక్ కొని ఉంటే? ఆ ప్రశ్న ఆ రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.

పొద్దున మళ్లీ వెళ్లింది. ప్రెస్సు నడిపే ముసలాయన విసుక్కున్నాడు. "బేటీ, నీ టీవీల ఏం కనవడ్డదో నాకేం మాలూమ్. నా సియాహీ గిది, నా కాగితం గిది. దీని మీద ఎట్లొస్తదో చూస్కొని చెయ్యి."

ఆ మాట పట్టుకుని ఆమె అక్కడే కూర్చుంది. ఎరుపు ఎంత శాతం, పసుపు ఎంత శాతం, నీలం ఎంత శాతం అని మారుస్తూ నలభై చిన్న గడులు చేసి, ఆ సిరాతోనే, ఆ కాగితం మీదే అచ్చు వేయించింది. గొట్టాలను ఒక్కొక్క గడి పక్కన పెట్టి, వీధిలో ఎండలో నిలబడి చూసింది. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. ఐదు గడులు ఎంచి, వాటి అంకెలు రాసుకుని వెళ్లి, స్క్రీన్ మీద ఆ అంకెలే పెట్టింది. రెండో ప్రూఫ్‌లో ఆకుపచ్చ కొంచెం తేడా వచ్చింది. మూడోదాన్ని విమలాదేవి స్వయంగా వచ్చి ఎండలో చూసింది. కొత్తగా కాచిన గొట్టాలు తెచ్చి పెట్టి చూసింది.

"సరిపోయింది" అంది.

అమల ఇంకో పావుగంట చూసింది. మబ్బు పట్టినప్పుడు చూసింది, మబ్బు తొలగాక చూసింది. ముసలాయన పెన్ను ఇచ్చి ప్రూఫ్ మీద ఓకే రాయమన్నాడు. ఆమె ఓకే రాయలేదు. 'చూశాను' అని రాసి, కింద పేరు, తారీఖు వేసింది.

కొత్త కార్డులు ఇచ్చిన రోజు డాక్టర్ ప్రతి ఒక్కరి చేతా అక్కడే ఒకసారి పరీక్ష చేయించింది. అమల పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కో గొట్టాన్ని, ఒక్కో కార్డును చూసింది. ఏ గొట్టమూ ఏ గడికీ తప్పలేదు. చేతికర్ర పట్టుకుని భిక్షపతి కూడా వచ్చాడు. ఆయనది పసుపు వచ్చింది. "మూడోది" అని గట్టిగా చెప్పి, బర్రెలకు టైమైందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఆ కుర్చీలో కూర్చుని చాలా ఏళ్లు రంగుల పని చేసింది. మెషీన్లు మారాయి. కొన్నాళ్లకు మాక్ కూడా వచ్చింది. ఏ షీటు మీద పేరు పెట్టేటప్పుడైనా ఆమె వేళ్లు చల్లబడేవి. చల్లబడకపోతే ఇంకోసారి చూసేది.

దొరకని పదకొండు మందిలో నలుగురు దసరా తర్వాత ఊళ్ల నుంచి తిరిగొచ్చి పాత కార్డులు ఇచ్చేశారు. మిగతా ఏడుగురు ఏమయ్యారో తెలియలేదు. రిజిస్టర్‌లో ఉన్న వాళ్ల పేర్లు అమల ఎప్పుడూ ఎక్కడా రాసుకోలేదు. మర్చిపోతే కదా రాసుకోవాల్సింది.